ఆరో త్రికోణం లేని చోట

బడి గోడమీది ప్రపంచ పటంలో
మా తవెయుని దీవి రెండు చోట్ల ఉండేది,
కుడి అంచున ఓ తునక, ఎడమ అంచున ఓ తునక.
వైయెవో దుకాణానికి వెళ్లొచ్చే దారిలోనే
లోకం చివర్లు రెండూ తొక్కేసి
బ్రెడ్డు కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్లం.

కత్తి ఎక్కడో ఓ చోట పెట్టాలి కదా,
జనం తక్కువున్న చోట పెట్టారు.

మకెరెటా టీచరు ఎవర్నీ తిట్టలేదు.
ఆ వానాకాలం బిస్కెట్ల అట్టపెట్టెలు విప్పించి
ఇరవై త్రికోణాలు కోయించింది, అన్నీ ఒక్క కొలత.
గుండ్రటి భూమికి ఈ మూలలేంటని ఇలైతియా నిలదీశాడు.
"గుండ్రాన్ని ఒక్క కాగితమ్మీద చదును చేస్తే
గ్రీన్లాండు ఉబ్బి కూర్చుంటుంది.
అబద్ధం ఎలాగూ తప్పదు.
ఇరవై మందికి పంచితే తలా చిటికెడే."

పంచుకున్నాం.
సెరూకి హిమాలయాలొచ్చాయి,
మూడు రోజులు వాడు మాతో మాట్లాడలేదు.
నాకొచ్చినదాన్నిండా నీళ్లే.
నీలం పెన్సిలు మొద్దుబారేదాకా రుద్దాను,
ఏడుస్తూ రుద్దాను, నిజం చెప్పాలంటే.

ఒకనాడు ఐదు త్రికోణాల మొనలు ఒక్కచోట చేర్చి
బల్లమీద అణిచి చూపించింది టీచరు.
ఆరోది పట్టేంత సందు మిగిలింది.
ఆరోదీ పెట్టింది.
చాపలా పడుకుందది, ఊదినా కదల్లేదు.
తీసేసి, ఆ సందు అంచుల్ని దగ్గరకి లాగింది.
అట్ట లేచింది
బోర్లించిన గిన్నెలా.
లేనిదేదో దాన్ని లేపిందని
ఆ పూట నాకు తోచలేదు. చాలా ఏళ్లు పట్టింది.

మూసేముందు ఒకసారి పటంలా పరుద్దామనుకున్నాం.
చీలికలు ఎక్కడ పడాలి?
"సముద్రంలో!" అన్నాం అందరం. "అక్కడెవరూ ఉండరుగా."
కిటికీ అవతల వల బాగుచేసుకుంటున్న లవెనియా బుబు
తలెత్తకుండా అడిగింది:
"ఎవరూ ఉండరా?
మరి నిన్న రాత్రి నువ్వు తిన్నదెవర్ని?"

సరే, నీళ్లన్నీ ఒక్క ముక్కగా ఉంచాం.
కత్తెర నేలమీద నడిచింది.
సైబీరియా చిరిగింది. బ్రెజిల్ చిరిగింది.
గోడమీది పటం మీద పగ తీరినట్టు
పడీ పడీ నవ్వాం.
ఉనైసి ఒక్కతే చీలికలో వేలు పెట్టి
"ఇక్కడో పిల్ల ఉండి,
బిందె ఇటూ బావి అటూ పడితే?" అంది.

నవ్వు ఎవరు ముందు ఆపారో గుర్తులేదు.
టీచరు ప్రతి చీలిక రెండు ఒడ్లకీ
ఒకే అంకె వేయించింది, ఏడుకి ఏడు, తొమ్మిదికి తొమ్మిది.
"ఏడులో దిగితే ఏడులోనే తేలుతుంది" అంది,
ఉనైసి కేసి చూడకుండా.

బుబు లోపలికొచ్చి, పరిచిన అట్ట చుట్టూ ఓసారి నడిచి,
"ఇదీ వలేగా" అంది.
లెక్కల పుస్తకంలోనూ దాని పేరదేనంది టీచరు.
"నా వలలో కన్నాలు నేనల్లినవి కొన్ని,
చేప చింపినవి కొన్ని.
మీవి ఏ రకం?"
ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు.

రొట్టెపండు చెట్టు పాలతో అతికించాం.
పందొమ్మిది ముక్కలు చెప్పిన మాట విన్నాయి.
ఇరవయ్యోది మూసేటప్పటికి
లోపలినుంచి నొక్కడానికి వేలు దూరదు,
అందరం బయటే ఉన్నాం.
ఆ చివరిది నాదే, నీళ్లది.
దాని ఒక అంచు ఎన్నిసార్లు అద్దినా లేచే ఉండేది.

దూలానికి వేలాడి గాలికి తిరుగుతుంటే
పసిఫిక్ వంతు వచ్చినప్పుడల్లా
ఆ సందులోంచి భూమి లోపలివైపు కనిపించేది,
బిస్కెట్ కంపెనీ ఎర్ర అచ్చు,
తలకిందులుగా:
తడి తగలనివ్వరాదు.